మిల్వాకీలో పడ్డ పసుపు గుడ్డ

ఆర్డెన్ టోలెఫ్సన్ వారంలో ఆరు రోజులు పశువుల డాక్టరు. ఏడో రోజున మాత్రం, సెప్టెంబరు నుంచి జనవరి దాకా, నలుపూ తెలుపూ చారల చొక్కా తొడుక్కుని, డెబ్భై వేలమంది చూస్తుండగా, బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో పరుగులు తీసేవాడు. అయోవాలో డెకోరా చుట్టుపక్కల ఆవులున్న ప్రతివాడికీ అతని పేరు తెలుసు. టీవీలో ఆట చూసేవాళ్ళకి తెలియదు. రిఫరీ పేరు జనానికి తెలియలేదంటే ఆ రిఫరీ పని బాగా చేస్తున్నాడని అర్థం. ఆ లెక్కన ఆర్డెన్ ఇరవై రెండేళ్ళపాటు పని చాలా బాగా చేశాడు. జనవరి రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి దేశంలో అతని పేరు తెలియనివాడు లేకుండా పోయాడు.

ఆ రోజు ఆట మిల్వాకీలో. ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు పైమెట్టుకి. నోరు తెరిస్తే ఆవిరి గడ్డకట్టేటంత చలి. ఆట ముగియడానికి ముప్పై ఎనిమిది సెకన్లుందనగా మిల్వాకీ జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. పోర్ట్‌లాండ్ వాళ్ళకి మిగిలింది ఒక్క ఆశే. వాళ్ళు బంతిని మైదానం చివరి మూలకి, గోలు గీత దాటి, ఎత్తుగా విసిరారు. ఆ మూల కాపలా ఆర్డెన్‌ది. బంతి అందుకోవడానికి పోర్ట్‌లాండ్ రిసీవర్ పరుగెత్తాడు. అతని భుజానికి భుజం రాసుకుంటూ మిల్వాకీ ఆటగాడు డెమారియో ప్రూయిట్ పరుగెత్తాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే రిసీవర్ తల ఒక్కసారి వెనక్కి ఊగింది, కాళ్ళు తడబడ్డాయి, బంతి ఇద్దరినీ దాటిపోయి నేల మీద పడింది. మిల్వాకీ జనం గెలిచేశామని లేచి నిలబడ్డారు.

బంతి రాకముందే అందుకునేవాణ్ణి పట్టి లాగకూడదన్నది నియమం. ఆర్డెన్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. తప్పు జరిగిందని చూపడానికి అక్కడ దోపుకున్న పసుపు గుడ్డ గాల్లోకి లేచి, ప్రూయిట్ బూట్ల దగ్గర పడింది.

డెబ్భై వేలమంది ఒక్కసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఆర్డెన్‌కి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత వచ్చిన కేక ఎలా ఉందో చెప్పనే అక్కర్లేదు. ప్రూయిట్ రెండు చేతులూ చాచి అరుస్తూ మీదికొచ్చాడు.

"ఏం చూశావయ్యా? నిజం చెప్పు, ఏం చూశావు నువ్వు?"

ఆర్డెన్ రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగుకి మడమ దేనికో తట్టుకుంది. వెల్లకిలా పడ్డాడు, టోపీ ఎగిరి అవతల పడింది. టీవీ కెమెరా ప్రూయిట్ వీపు వైపు ఉంది. చూసేవాళ్ళకి కనిపించిందల్లా ఆటగాడి చెయ్యి రిఫరీ రొమ్ము దగ్గరికి పోవడం, రిఫరీ కింద పడటం. పక్కనున్న మరో రిఫరీ ప్రూయిట్‌ని మైదానం నుంచి వెళ్ళగొట్టాడు. బంతిని గోలు గీతకి గజం దూరంలో పెట్టారు. ఆ వెంటనే పోర్ట్‌లాండ్ గోలు గీత దాటి ఆట గెలిచింది. ఆ రకం నిర్ణయాన్ని టీవీలో మళ్ళీ చూసి మార్చే వీలు లేదు. మిల్వాకీ కథ అక్కడికి సరి.

రిఫరీల గదిలో ఆర్డెన్ బెంచీ మీద కూర్చున్నాడు. రిఫరీలందరికీ పెద్ద అయిన హాలిస్ గ్రాంట్లీ కాఫీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఇద్దరూ పన్నెండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు.

"వాడు నిన్ను తోశాడు కదా?" అన్నాడు హాలిస్.

ఆర్డెన్ కాఫీ తాగాడు.

"సరే, రాసెయ్. వేడి మీదుండగానే రాసెయ్యాలి."

ఆటల్ని నడిపే లీగ్‌కి పంపే కాగితం మీద ఆర్డెన్ ఇలా రాశాడు: "ఆటగాడి చెయ్యి నాకు తగిలింది." తోశాడని రాయలేదు. తొయ్యలేదనీ రాయలేదు.

అదే సమయానికి అవతలి గదిలో విలేకరుల ముందు ప్రూయిట్ ఒక మాటన్నాడు. ఆ వారమంతా టీవీల్లో అదే మోగింది. "ఆయన నా చేతులు చూళ్ళేదు. ఆ రిసీవర్ తలకాయ ఊగడం చూశాడంతే. కావాలంటే ఆయన్నే అడగండి."

ఇంటికి వస్తుంటే కారు రేడియోలో ఆ మాట విని ఆర్డెన్ రేడియో కట్టేశాడు. ఆ మాట అబద్ధమైతే అతనికి కోపం వచ్చేది. కోపం రాలేదు.

డెకోరా ఉన్నది అయోవాలోనే అయినా, గంట దూరంలో మిస్సిసిపీ నది దాటితే మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం. అందుకని ఊళ్ళో సగంమంది మిల్వాకీ భక్తులే. ఆర్డెన్ క్లినిక్ ఫోను నంబరు ఎవడో ఇంటర్నెట్‌లో పెట్టాడు. సోమవారం తెల్లారేసరికి ఫోనులో సందేశాలు పట్టక అది మొరాయించింది. వాటిలో మూడు మాత్రం నిజంగా పశువుల కోసం చేసినవి. బుధవారానికి పోస్టులో కళ్ళజోళ్ళు రావడం మొదలైంది. పాతవి, కొత్తవి, విరిగినవి, ఒకటి ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునేది. భార్య జనెల్ వాటిని లెక్కపెట్టకుండా అట్టపెట్టెలో పోసి, పేదవాళ్ళకి కళ్ళజోళ్ళు పంచే సంఘానికి ఇచ్చేసింది. ఆమె హైస్కూల్లో లైబ్రేరియన్. గొడవ చేసే జనాన్ని కంటిచూపుతో కూర్చోబెట్టడం ఆమెకి అలవాటు.

"ఎవరికో ఒకరికి చూపొస్తుంది, పోనీ," అంది.

చంపుతామన్న ఫోన్లు రెండొచ్చాయి. అవి మాత్రం నవ్వుకుని వదిలేసేవి కావు. షెరిఫ్ పంపిన పోలీసొకడు నాలుగు రోజులు వాళ్ళింటి మలుపులో కారు ఆపుకుని కూర్చున్నాడు. జనెల్ అతనికి పూటపూటకీ వేడి సూపు పంపింది.

లీగ్ నుంచి పెద్దాయన ఫోన్ చేశాడు. "టీవీ బొమ్మల్లో ఎటూ తేలడంలేదు. ఆ క్షణానికి రిసీవర్ ఒళ్ళు అడ్డమొచ్చింది, ప్రూయిట్ చెయ్యి కనిపించదు. అందుకని మేం మీ వెనకే నిలబడ్డాం. మీరు ఎక్కడా నోరు విప్పకండి," అన్నాడు. ఆ గురువారమే ప్రూయిట్ మీద ఆరు ఆటల నిషేధం ప్రకటించారు, రిఫరీ మీద చెయ్యి చేసుకున్నందుకు. ప్రూయిట్‌కి ముప్పై మూడేళ్ళు. ఒప్పందం ఆ నెలతో ముగుస్తుంది. ఆరు ఆటలు బయట కూర్చునే ముప్పై మూడేళ్ళవాణ్ణి ఏ జట్టూ తీసుకోదు. నిషేధమని పేరే గానీ, అది అతని ఆటకి పాడె కట్టడమే. అతను అప్పీలు చేసుకున్నాడు. విచారణ ఆ పై బుధవారం, షికాగోలో. ఆర్డెన్ వచ్చి సాక్ష్యం చెప్పాలని కాగితం వచ్చింది.

ఆ కాగితం వచ్చిన మర్నాడు, శనివారం పొద్దున్నే గేలన్ బక్కమ్ ఫోన్ చేశాడు. గేలన్‌కి ఊరికి ఉత్తరాన నూట నలభై పాడి ఆవులున్నాయి. ఆర్డెన్‌కి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. పుట్టుకతోనే మిల్వాకీ జట్టు మనిషి.

"డాక్టరూ, నేను నీతో మాట్లాడటంలేదు," అన్నాడు ఫోనులో. "ఆ సంగతి ముందు తెలుసుకో. కానీ మా ఆవు మాట్లాడుతుంది. తెల్లవారుజాము నుంచీ ఈనలేక తంటాలు పడుతోంది."

"వస్తున్నా."

"రా. నాతో మాత్రం మాట్లాడకు."

కొట్టంలో ఆవు మెడ చాచి మూలుగుతోంది. గేలన్ మిల్వాకీ కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆర్డెన్ చొక్కా విప్పి, సబ్బునీళ్ళతో భుజం దాకా కడుక్కుని, ఆవు వెనక మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. మాట్లాడనని చెప్పినవాడే ఎక్కువసేపు ఆగలేకపోయాడు.

"ఎలా ఉంది?"

"దూడ తల పక్కకి తిరిగిపోయింది. సర్దాలి."

"బతికుందా?"

"ఉంది. నా వేలు చప్పరిస్తోంది."

గేలన్ ఊపిరి వదిలాడు. "పోయినసారి దీని తల్లికి కవలలు. ఇదీ కవలలేనా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. రెండో దూడ కాలు చేతికి తగిలితే చెప్తా. ఇంకా తగల్లేదు. ఊరికే ఊహించి చెప్పలేను కదా?"

గేలన్ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "ఓహో! నీకు 'తెలీదు' అనడం వచ్చన్నమాట! ఈ ముక్క ముప్పై ఎనిమిది సెకన్లున్నప్పుడు గుర్తొస్తే ఎంత బాగుండేదయ్యా!"

వేరే రోజైతే ఆర్డెన్ తిరిగి ఏదో ఒకటి అంటించేవాడు. ఇప్పుడు అతని మొహం ఎర్రబడింది. ఆవు పొట్టకి చెంప ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. గేలన్‌కి తన మాట ఎక్కడో లోతుగా దిగిందని అర్థమైంది. కోపిష్టే గానీ చెడ్డవాడు కాదు.

"ఊరికే అన్నాలే, ఆర్డెన్. ఆటే కదా!"

"గొలుసు ఇలా ఇవ్వు," అన్నాడు ఆర్డెన్.

మరో పావుగంటకి దూడ తల దారికొచ్చింది. దూడ ముంగాళ్ళకి గొలుసులు తగిలించి ఇద్దరూ కలిసి లాగారు. గేలన్ కోటు నిండా నెత్తురూ ఉమ్మనీరూ. తడిసి ముద్దయిన పెయ్యదూడ గడ్డి మీద పడి తుమ్మింది. ఒక్కటే. ఆర్డెన్ మళ్ళీ చెయ్యి పెట్టి వెతికి, "రెండోది లేదు. ఇప్పుడు తెలుసు," అన్నాడు. గేలన్ నవ్వాడు. ఆర్డెన్ నవ్వబోయాడు గానీ రాలేదు.

ఇంటికొచ్చేసరికి జనెల్ వంటింట్లో బంగాళాదుంపల రొట్టెలు కాలుస్తోంది. మర్నాడు చర్చిలో అందరూ వండుకొచ్చి తినే భోజనాలు. ఆర్డెన్ బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"జనెల్, నేను చూళ్ళేదు."

ఆమె వెనక్కి తిరగలేదు. పెనం మీది రొట్టెని కర్రతో తిరగేసింది. "ఏం చూళ్ళేదు?"

"ప్రూయిట్ చెయ్యి. రిసీవర్ తల వెనక్కి పడటం చూశాను. లాగితేనే అలా పడుతుంది అనుకున్నాను. గుడ్డ విసిరేశాను. లాగాడో లేదో నాకు తెలీదు. కొత్తగా వచ్చే రిఫరీలకి నేనే పాఠం చెప్తాను, కళ్ళతో చూడందే గుడ్డ తియ్యొద్దని."

"తోసిన సంగతి?"

"తొయ్యలేదు." ఇది ఇంకా మెల్లిగా అన్నాడు. "గీత పక్కన ఆటగాళ్ళకి వేడిగాలి పంపే హీటరు గొట్టం ఉంది. దానికి తట్టుకుని పడ్డాను. వాడు చెయ్యి జాపింది నన్ను పట్టుకోవడానికి. నా చొక్కా చెయ్యి వాడి గుప్పిట్లో ఉంది, పైకి లాగుతున్నాడు. ఆ లాగుడు ఇంకా నా చేతికి తెలుస్తోంది. గదిలోకెళ్ళాక హాలిస్ 'తోశాడు కదా' అన్నాడు. అవునన్లేదు, కాదన్లేదు. నన్ను తిట్టినవాడికి మేలు ఎందుకు చెయ్యాలనిపించింది."

జనెల్ పొయ్యి ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతులకి పిండి ఉంది.

"ఇన్ని రోజులుగా నువ్వు పక్క చివర పడుకుంటున్నావు, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు," అంది. "నేను భయమనుకున్నాను. ఆ ఫోన్ల వల్ల."

"ఫోన్ల వల్ల కాదు."

"అయితే చెప్పెయ్."

"చెప్తే చారల చొక్కా పోతుంది."

"పోవచ్చు."

"ఇరవై రెండేళ్ళు, జనెల్. దానికి ముందు పదేళ్ళు బురదలో స్కూలు ఆటలు."

"లెక్క నాకు తెలుసు. ఆ బురద బట్టలు ఉతికింది నేనే." ఆమె లేచి మళ్ళీ పొయ్యి వెలిగించింది. "నిన్ను చెప్పమని నేను బలవంతపెట్టను. కానీ చెప్పకపోతే ఆ పక్క చివర నీకు అలవాటైపోతుంది. అది చూడటం నావల్ల కాదు."

ఆదివారం మధ్యాహ్నం ఆర్డెన్ హాలిస్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"విను," అన్నాడు హాలిస్. "వాళ్ళు నిన్ను పిలిచింది తోపులాట గురించి. దాని గురించి నిజం చెప్పు, నేను కాదనను. ఆ కాగితం రాయించిన పాపంలో నాకూ వాటా ఉంది. కానీ గుడ్డ సంగతి ఎవరూ అడగరు. అడగనిదానికి జవాబివ్వడమంటే కొరివితో తల గోక్కోవడమే. నిద్రపోయే కుక్కని తన్ని లేపకు."

"అది నిద్రపోవడంలేదు, హాలిస్. నన్ను నిద్రపోనివ్వడమూ లేదు."

"నీ ఇష్టం. రేపు నీ బదులు ఎవణ్ణి ఇస్తారో నాకు. ఆ మూల కాపలాకి నీ అంత కళ్ళున్నవాడు దొరకడు." అన్నాక తనే ఇబ్బందిగా నవ్వాడు. "ఏం మాటన్నాన్రా నేను!"

బుధవారం ఇంకా చీకటుండగానే బయల్దేరి జనెల్ కారు నడిపింది. విచారణ షికాగో విమానాశ్రయం పక్కన ఒక హోటల్లో, కిటికీలు లేని గదిలో. పొడుగాటి బల్ల. తీర్పరి లూథర్ క్విన్ అనే పాత ఆటగాడు. లీగూ ఆటగాళ్ళ సంఘమూ రెండూ ఒప్పుకున్న మనిషి. వేళ్ళన్నీ విరిగి అతుక్కున్నవే, పెన్ను పట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. ఒకవైపు లీగ్ తరఫు లాయరమ్మ. ఇంకోవైపు ప్రూయిట్, అతని లాయరు. హెల్మెట్ లేకుండా, బూడిదరంగు సూటులో, ఆర్డెన్ అనుకున్నదానికంటే ప్రూయిట్ చిన్నగా ఉన్నాడు. బల్ల మీద రెండు చేతులూ బోర్లించి పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

లాయరమ్మ గొంతు మెత్తగా ఉంది. "డాక్టర్ టోలెఫ్సన్, మీ నివేదికలో ఆటగాడి చెయ్యి మీకు తగిలిందని రాశారు. ఆ దెబ్బకే కదా మీరు పడింది?"

"కాదండీ."

ఆమె కాగితం నుంచి తలెత్తింది.

"నా మడమ హీటరు గొట్టానికి తట్టుకుంది. నా అంతట నేనే పడ్డాను. ప్రూయిట్ గారు నా చొక్కా పట్టుకుని ఆపబోయారు. ఆయన పట్టుకోకపోతే నా తల గట్టినేలకి కొట్టుకునేది."

"కానీ మీరు రాసింది..."

"తగిలింది అని రాశాను. తగిలిన మాట నిజమే, అందుకే ఆ మాట వాడాను. అది అబద్ధం కాదు, పిరికిమాట."

క్విన్ పెన్ను కింద పెట్టాడు. ప్రూయిట్ తలెత్తలేదు, కానీ బల్ల మీది వేళ్ళు కొద్దిగా వంగాయి.

"అయితే ఇక అడగడానికేం లేదు," అన్నాడు క్విన్. "మీరు వెళ్ళొచ్చు, డాక్టర్."

ఆర్డెన్ లేచాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. అటే చూస్తూ కాసేపు నిలబడిపోయాడు.

"ఇంకొకటుంది," అన్నాడు. "మీరు అడగలేదు."

"అడగనిది చెప్పనక్కర్లేదు," అంది లాయరమ్మ చప్పున.

"తెలుసండీ. ఆ గుడ్డ సంగతి. నేను ఆయన చెయ్యి చూళ్ళేదు. రిసీవర్ తల ఊగడం చూసి, లాగి ఉంటాడనుకున్నాను. ఆయన విలేకరులకి చెప్పింది అక్షరాలా నిజం. ఆటలో తప్పు చెయ్యడం వేరు, అందరం చేస్తాం. కానీ చూడంది చూశానన్నట్టు పది రోజులు ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు మిల్వాకీ ఊరికీ, ఈయనకీ క్షమాపణ బాకీ ఉన్నాను."

ప్రూయిట్ నెమ్మదిగా ముందుకి వంగి నుదురు బల్లకి ఆనించాడు. అతని లాయరు భుజం మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్నాడో ఊపిరి పీల్చుకుంటున్నాడో ఆర్డెన్‌కి తెలియలేదు. తన వరకు తనకి మాత్రం వీపు మీంచి ఎవరో బస్తా దింపినట్టయింది. ఎంత హాయిగా అనిపించిందంటే కొంచెం సిగ్గేసింది కూడా.

నడవాలో జనెల్ కోటు పట్టుకుని నిలబడి ఉంది. భర్త మొహం చూసి ఏమీ అడగలేదు. కోటు తొడుగుతుండగా వెనకనుంచి అడుగుల చప్పుడైంది. ప్రూయిట్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఒక్క నిమిషం. అమ్మా, నమస్కారం." లూసియానా యాస, సాగదీసే మాట. "మీరు నన్ను ఒక మాట అడగలేదు."

"ఏ మాట?"

"లాగావా లేదా అని."

"అడిగే హక్కు నాకు లేదు."

"అడగండి సార్. చెప్పాలని నాకే దురదగా ఉంది."

ఆర్డెన్ భార్య వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసింది.

"సరే. లాగావా?"

"లేదు!" ప్రూయిట్ రెండు చేతులూ పైకెత్తాడు. "గీత మీది రంగు మంచుకి గాజులా అయిపోయింది, వాడి కాలు జారింది. నేను ముట్టుకోనే లేదు. మీకు తెలుసా, ఈ పదకొండేళ్ళలో నేను కనీసం యాభైమందిని లాగుంటాను. చొక్కాలు, చేతులు, ఒకడికి జడ కూడా. మీవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు చూసిన పాపాన పోలేదు. ముట్టుకోని ఆ ఒక్క రోజే నా కాళ్ళ దగ్గర గుడ్డ పడింది!"

ఆర్డెన్‌కి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ప్రూయిట్ కూడా ఒంగిపోయి నవ్వుతున్నాడు. హోటల్ పనివాడొకడు మంచినీళ్ళ జగ్గుల బండి ఆపి వాళ్ళ వంక వింతగా చూశాడు.

"యాభైమందా?" అన్నాడు ఆర్డెన్ కళ్ళు తుడుచుకుంటూ.

"తక్కువే చెప్పాను సార్. మీరు మళ్ళీ మైదానంలోకి వస్తే కష్టం కదా!"

"నేను రావడం అనుమానమే."

ప్రూయిట్ నవ్వు తగ్గింది. "నేను ఆ రోజు మిమ్మల్ని అన్న మాటలు మా అమ్మ విననివి. మనసులో పెట్టుకోకండి."

"నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకే పది రోజులు పట్టింది."

చేతులు కలుపుకున్నారు. అంతకుమించి ఏమీ లేదు. ప్రూయిట్ లాయరు పిలిస్తే వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో విస్కాన్సిన్‌లో రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆగారు. ఇద్దరికీ ఒక్కసారిగా ఆకలి పుట్టుకొచ్చింది. మాంసం కూరా, బంగాళాదుంపల ముద్దా తిని, చెర్రీపళ్ళు కూరి కాల్చిన 'పై' అనే తీపి తెమ్మన్నారు. మొదటి ముక్క అయిపోతుండగా ఫోన్ మోగింది. లీగ్ పెద్దాయన.

"నిషేధం కొట్టేశారు," అన్నాడు. "తిట్లకి మాత్రం చిన్న జరిమానా. రేపు మీ మాటలు యథాతథంగా ప్రకటిస్తాం. నాకు ఈ వారం నిద్ర లేకుండా చేశారు, డాక్టర్."

"నాకు తెలుసు. ఏమనుకోకండి."

"వచ్చే ఏడాది మీరు మైదానంలో ఉండరు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. పొమ్మనడం నాకిష్టంలేదు. ఇలా వచ్చి చెప్పినవాణ్ణి పొమ్మంటే రేపు ఇంకెవడూ చెప్పడు. అలాగని ఏమీ చెయ్యకుండా ఉండనూలేను."

"అర్థమైంది. మంచి మాటే చెప్పారు."

ఫోన్ పెట్టేశాడు. జనెల్ చెంచా గాల్లో ఆపి చూస్తోంది.

"ఏడాది," అన్నాడు. "పూర్తిగా పోలేదు. ఏడాది."

"బాధగా ఉందా?"

ఆర్డెన్ నిజంగానే ఆలోచించాడు. "ఉండాలి. రేపు ఉంటుందేమో. ఇప్పుడు మాత్రం ఇంకో ముక్క చెర్రీ పై తినాలనుంది."

వడ్డించే ఆమె మిల్వాకీ టోపీ పెట్టుకుని ఉంది. అతన్ని పోల్చుకుందో లేదో తెలియదు. రెండో ముక్క మీద ఐస్‌క్రీం మాత్రం అడక్కుండానే వేసింది. మిగిలిన దారిలో జనెల్ నడుపుతుంటే ఆర్డెన్ నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఇంటి ముందు కారాగినా లేవలేదు. ఆమె ఇంజను ఆపకుండా, హీటరు నడవనిస్తూ, ఓ పావుగంట అలాగే కూర్చుంది.

మర్నాడు మాటలు ప్రకటించాక గొడవ అంతా ఒక్కరోజులో చల్లారలేదు. రేడియోలో కొందరు ఇంకా తిట్టారు. మిల్వాకీకి పోయిన ఆట తిరిగి రాదుగా. కొందరు ఉత్తరాలు రాశారు, మంచివి. గేలన్ ఫోన్ చేసి, "ఇప్పుడు నీతో మాట్లాడుతున్నాను. మాట్లాడ్డానికేం లేదు గానీ, మాట్లాడుతున్నాను," అని పెట్టేశాడు. వసంతంలో ప్రూయిట్‌ని అట్లాంటా జట్టొకటి రెండేళ్ళకి తీసుకుందని పేపర్లో వచ్చింది. ఆర్డెన్ ఆ ముక్క కత్తిరించలేదు, దాచలేదు. చదివి, కాఫీ పూర్తిగా తాగి, పనికెళ్ళాడు.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యే ఆదివారం వచ్చింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ రోజున అతను ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నుంచీ ఒకచోట నిలవలేక గదుల్లో తిరుగుతుంటే జనెల్ అతన్ని బయటికి తోలుకుపోయి, పొరుగువాళ్ళ పడవ అడిగి తెచ్చి, ఊరి పక్క నదిలో దింపింది. ఇద్దరిలో ఎవరికీ తెడ్డు వెయ్యడం సరిగ్గా రాదు. సున్నపురాళ్ళ కొండల కింద నీళ్ళు తేటగా, మోకాల్లోతులో ఉన్నాయి. ఒక మలుపులో పడవ గులకరాళ్ళ దిబ్బెక్కి గట్టిగా కూర్చుండిపోయింది.

"నువ్వు ఎడమవైపు వెయ్యాలి," అంది జనెల్.

"వేశాను."

"అది కుడి."

ఆర్డెన్ తెడ్డు వంకా, తన చేతుల వంకా చూసుకున్నాడు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె దిగబోతే వద్దని, పడవని ఆమెతో సహా మెల్లిగా ముందుకి నెట్టాడు. రాళ్ళు కిందనుంచి గరగరమన్నాయి, తర్వాత పడవ తేలింది.